పాప వెతికిన రోజు

ఉతికి ఆరిన పాప గుడ్డల్ని ఒళ్లో పోసుకుని మడతలు పెడుతూ, మెదడులో ఏ భాగం ఏ పని చేస్తుందో పైకి చెప్పుకుంటున్నాను. ముందున్నది ఆలోచనకి, పక్కనున్నది వినికిడికి, వెనకున్నది చూపుకి. ఒక్కో భాగానికి ఒక్కో గుడ్డ మడత. మా ఆయన పేపరు కాస్త కిందికి దించి చూశారు.

"ఇదేం స్తోత్రం, కొత్తగా ఉంది?"

"స్తోత్రం కాదండీ, మెదడు."

"ఉన్నదాన్ని వాడుకుంటే చాలదూ, మళ్లీ దాన్ని చదవడం కూడానా" అని ఆయన పేపరు పైకెత్తుకున్నారు.

ఆ మాటలో కోపమేమీ లేదు. ఆయన కోపిష్టి కాదు. నేను చేసే పనుల్లో ఆయనకి కనబడేవి కొన్ని, కనబడనివి చాలా. కనబడినవాటి మీద ఒక చిన్న హాస్యం విసిరి వెళ్లిపోవడం ఆయన అలవాటు. మా అత్తగారు ఉన్న రోజుల్లో హాస్యం కూడా ఉండేది కాదు. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఆవిడ ముందు, "నా మనసేం బాగాలేదత్తయ్యా" అన్నాను. "మనసు సంగతి తర్వాత, ముందు పొయ్యి సంగతి చూడు" అన్నారావిడ. ఆ మాటే పట్టుకుని పొయ్యి సంగతి చూస్తూ చూస్తూ యాభై దాటాను. మనసు సంగతి ఇప్పుడు చూద్దామనుకుంటే దానికొక ప్రవేశపరీక్ష ఉందట. ఎమ్మే సైకాలజీలో సీటు కావాలంటే అది రాయాలి. కూతురి పెళ్లయ్యాక ఇంట్లో కూర్చునే డిగ్రీ చదివాను. ఆ డిగ్రీ నాకు ఇచ్చింది పట్టా కాదు, ఆకలి.

ఆ ఆకలి అసలు మొదలైంది మా అమ్మ దగ్గర. చివరి రోజుల్లో అమ్మ నన్ను గుర్తుపట్టేది కాదు. అన్నం పెడుతుంటే నా ముఖంలోకి చూసి, "ఎవరి పిల్లవమ్మా నువ్వు, మంచిదానిలా ఉన్నావు" అనేది. అదే నోటితో, పసితనంలో నేర్చుకున్న ప్రార్థన ఒక్క మాట తడబడకుండా మొదటి నుంచి చివరిదాకా పాడేది. కన్నకూతురు చెరిగిపోయి పాట ఎలా మిగిలింది? డాక్టర్ని అడిగితే, "ఆ వయసులో అంతేనమ్మా" అన్నాడు. మందిరంలో పెద్దాయన్ని అడిగితే, "అంతా దైవలీల" అన్నాడు. రెండూ నిజమే కావచ్చు. నేను ఇద్దరినీ కాదనేదాన్ని కాదు. కానీ లీల అన్నాక, అది ఎలా జరుగుతోందో దగ్గరికి వెళ్లి చూడాలనిపించదా? చూస్తే అపచారమవుతుందా? చేసినవాడికి తన పనిని ఎవరైనా శ్రద్ధగా చూస్తే సంతోషమే కదా. నేను ఒక మంచి కుట్టు కుట్టినప్పుడు ఎవరైనా గుడ్డ తిరగేసి వెనక వైపు కూడా చూస్తే నాకెంత బాగుంటుందో.

డిగ్రీ రెండో ఏడు పుస్తకంలో ఆ జవాబు దొరికింది. జ్ఞాపకం ఒక్కటే కాదట, చాలా రకాలట. ముఖాల జ్ఞాపకం వేరు, నోటికి పట్టిన పాట జ్ఞాపకం వేరు. ఒక గదిలో దీపం ఆరిపోయినా పక్క గదిలో వెలుగుతూనే ఉంటుందన్నమాట. అది చదివిన మధ్యాహ్నం నేను పుస్తకం మూసి చేతులు జోడించాను. పుస్తకానికా, అమ్మకా, మనిషిని అలా గదులు గదులుగా కట్టినవాడికా, నాకే తెలియలేదు. అమ్మ నన్ను మరిచిపోలేదు, నేనున్న గదిలోకి ఆమె రాలేకపోయింది, అంతే. చనిపోయిన ఇన్నేళ్లకి అమ్మ మీద నాకున్న చిన్న నొప్పి ఆ పూట పోయింది. ఇంకా ఇలాంటివి ఎన్ని రాసి ఉన్నాయో, అవన్నీ చదవకుండా పోతానేమోనని భయం పట్టుకుంది.

పరీక్షకి ఫీజు కట్టిన నెలలోనే మా అమ్మాయి పురిటి సెలవు అయిపోయింది. అది బ్యాంకులో చేస్తుంది. పాపని ఎక్కడుంచాలన్న మాట వచ్చినప్పుడు మా అల్లుడు, "ఎక్కడో ఎందుకు, అత్తయ్యగారు ఉన్నారుగా" అన్నాడు. మా అమ్మాయి "అమ్మ ఉందిగా" అంది. మా ఆయన "ఇంకేం, నీకు మంచి కాలక్షేపం" అన్నారు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. చొక్కా తగిలించేముందు గోడకున్న మేకుని అడుగుతామా? అడిగితే ఒప్పుకునేదాన్నే. పాప అంటే నాకు ప్రాణం. అడిగి ఉంటే ఇచ్చేదాన్ని, అడక్కపోయేసరికి అది నా దగ్గర్నుంచి తీసుకున్నదైంది. మా ఆయన నిరుడు రిటైరయ్యారు. ఆయనకి శాలువా కప్పి, ఇక విశ్రాంతి తీసుకోండి సార్ అని ఇంటిదాకా దిగబెట్టి వెళ్లారు ఆఫీసువాళ్లు. ఆ రోజు వచ్చినవాళ్లందరికీ టీలు కలిపింది నేనే. నా పనికి రిటైర్మెంటు ఉందని ఆయనకి గాని నాకు గాని తోచలేదు.

పొద్దున్నే పాపని నా చేతుల్లో పెట్టి వాళ్లిద్దరూ ఆఫీసులకి వెళ్తారు. పాలసీసాలు మరగబెట్టడం, జావ కాచడం, స్నానం, నిద్ర, మళ్లీ సీసాలు. పాప పడుకున్నప్పుడు పుస్తకాన్ని పిండి డబ్బాకి ఆనించి, కూరలు తరుగుతూ చదివేదాన్ని. నాకు తెలిసిన చదువు పద్ధతి ఒక్కటే, ప్రార్థనలు నేర్చుకున్న పద్ధతి. మొదటి నుంచి చివరిదాకా, రాగం తప్పకుండా. బుద్ధి పెరిగే దశలు, నిద్రలో దశలు, అన్నీ వరుసగా నోటికి పట్టించాను. బాగానే ఉందనుకున్నాను.

ఆదివారాల్లో కోచింగుకి వెళ్లేదాన్ని. ఆ పూట పాప వాళ్ల ఇంట్లోనే ఉంటుంది కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. క్లాసులో అందరూ మా అమ్మాయి కంటే చిన్నవాళ్లు. "ఆంటీ, మీరు ముందు కూర్చోండి" అని ఫ్యాను కింద చోటిచ్చేవారు. పాఠం చెప్పే మేడం కూడా చిన్నదే. ఒకరోజు నన్ను లేపి, "నిద్రలో మూడో దశ ఏమిటండీ?" అంది. నేను మొదటి దశ నుంచి ఎత్తుకున్నాను.

"మూడోది చెప్పండి చాలు."

"అదే మేడం, అక్కడికే వస్తున్నాను. మధ్యలోంచి రాదు."

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. మేడం నవ్వు ఆపుకుని, "పరీక్షలో ఇలా పెదాలు కదిపితే పక్కవాళ్లకి చెబుతున్నారనుకుని పట్టుకుంటారండీ" అంది. క్లాసయ్యాక నన్ను ఆపింది. "మీ ఇంట్లో చంటిపాప ఉందన్నారు కదా. పుస్తకాన్ని కాసేపు పక్కన పెట్టి పాపని చూడండి. ఆ అధ్యాయం మొత్తం మీ ఒళ్లోనే ఉంది."

ఆ మాట నన్ను కదిపింది. పిల్లని పెంచడం పనే అనుకున్నాను గాని, చూడటం కూడా అని ఎవరూ అనలేదు.

మర్నాడు పాపని చాప మీద కూర్చోబెట్టి, దానికిష్టమైన ఎర్ర గిలక్కాయని ముందు పెట్టాను. అది ఒళ్లంతా చేతులు చేసుకుని అందుకోబోయింది. అందేలోపు నేను దాని మీద గుడ్డ కప్పాను. పాప చెయ్యి గాల్లో ఆగిపోయింది. గుడ్డని చూసింది, నన్ను చూసింది, తర్వాత చాప అంచు పీకడం మొదలెట్టింది. ఏడవలేదు, వెతకలేదు. అప్పటిదాకా దేని కోసం ప్రాణం పెట్టిందో అది గుడ్డ కింద బెత్తెడు దూరంలో ఉంది. పాపకి మాత్రం అది లోకంలోనే లేదు. పుస్తకంలో ఈ సంగతి రాసే ఉంది. కంటికి కనబడనిది ఉందని పసిపిల్లలకి మొదట్లో తెలియదట. తర్వాతెప్పుడో, ఎనిమిదో నెలలోనో ఎప్పుడో, తెలుస్తుందట. చదివినప్పుడు అదొక మార్కు మాత్రమే. కళ్లతో చూశాక నా ఒళ్లు జలదరించింది. నేను గుడ్డ తీస్తే గిలక్కాయ మళ్లీ పుట్టింది. పాప కేరింత కొట్టింది. కప్పితే పోయింది, తీస్తే పుట్టింది. అలాంటి లోకంలో ఒకప్పుడు నేనూ ఉన్నాను, మా అమ్మా ఉంది, మా ఆయనా ఉన్నారు. అక్కడి నుంచి ఇక్కడికి ఏ మెట్టు ఎక్కి వచ్చామో ఒక్కరికీ జ్ఞాపకం లేదు.

మా ఆయన ఇంకా ఆ మెట్టు ఎక్కారా అని కూడా అనుమానం వచ్చిందనుకోండి. "ఏమోయ్, నా కళ్లజోడు లేదు" అంటారాయన. కనబడట్లేదు అనరు, లేదు అంటారు. అది ఆయన చదివి మడిచిన పేపరు కిందే ఉంటుంది. ఎత్తి చూడరు. ముప్ఫై ఏళ్లుగా నేను వెళ్లి పేపరు ఎత్తుతున్నాను, ఆయన ముఖం పాప ముఖంలాగే వెలుగుతుంది. పుస్తకం ప్రకారం ఇది తొట్టెలోనే దాటవలసిన దశ. ఈ సంగతి మేడంతో చెబితే ఆవిడ నవ్వి నవ్వి, "మా ఇంట్లోనూ ఒకరున్నారండీ" అంది.

రోజూ ఒక్కసారి గుడ్డ కప్పి చూసేదాన్ని. ఎనిమిది నెలలు నిండాయి. పాప పాకుతోంది, పళ్లు వస్తున్నాయి, "తాత్తా" అంటోంది. వెతకడం మాత్రం లేదు. నేను పుస్తకాన్ని ప్రార్థనలా నమ్మినదాన్ని. అందులో ఒక మాట తప్పదు కదా. లోపల భయం మొదలైంది. ఆ భయాన్ని లోపలే ఉంచుకోవలసింది. ఒక సాయంత్రం పాపని తీసుకెళ్లడానికి వచ్చిన మా అమ్మాయితో నోరు జారాను. "ఎనిమిది నిండాయే, ఇంకా వెతకడం లేదు."

"ఏం వెతకడం?"

చెప్పాను. చేసి చూపించాను కూడా. గిలక్కాయ, గుడ్డ. పాప తన కాలి వేలు పట్టుకుని నోట్లో పెట్టుకుంది. మా అమ్మాయి ముఖం పాలిపోయింది.

"అంటే ఏంటమ్మా, నా కూతురికి ఏదైనా లోపమా?"

"అయ్యో, అలా కాదే."

"మరి ఎలా? నేను అక్కడ కౌంటర్లో కూర్చుని పాపం పాప ఏం చేస్తోందో అనుకుంటుంటే, నువ్విక్కడ దాని మీద పరీక్షలు పెడుతున్నావా?"

అల్లుడు ఫోన్లో మర్యాదగానే అన్నాడు. "అత్తయ్యగారూ, మీరు చదువుకోవడం మాకు సంతోషమేనండి. మా పాప మాత్రం ప్రయోగశాలలో కుందేలు కాదు కదండీ." మర్నాడు పిల్లల డాక్టరు దగ్గరికి పరిగెత్తారు. ఆయన పాపని ఎగరేసి పట్టుకుని, "పిల్లలు క్యాలెండరు చూసుకుని పెరగరమ్మా, బంగారంలా ఉంది" అని పంపేశాడట. ఆ మాట వాళ్ల భయం తీర్చింది, నా పరువు తీసింది. మా ఆయన నా పుస్తకాలన్నీ అట్టపెట్టెలో సర్ది అటక మీద పెట్టించారు. "మన చిన్న దొరసానిగారు నడక నేర్చేదాకా ఇవి పైనుంటాయి. చదివినదానివి చదివినట్టుండక పిల్ల మీద పడ్డావేం?"

నేను ఎదురు చెప్పలేదు. అణిగిమణిగి ఉండటం కాదది, నిజంగానే నాకే అనుమానం వచ్చింది. పసిపిల్లని కొలవడమేమిటి? నాకు తెలియని సంగతుల్లో వేలు పెట్టానా? తెలుసుకోవాలన్నది భక్తా, గర్వమా? చాలా రోజులు అటక వైపు తల ఎత్తలేదు. పరీక్ష తేదీ ముంచుకొస్తోంది. చేతులు సీసాలు కడుగుతున్నాయి, నోరు మాత్రం ఏ దశనీ చెప్పుకోవడం లేదు. ఇల్లు ఎప్పటిలా నడుస్తోంది. పొయ్యి సంగతి చూస్తున్నాను కాబట్టి ఎవరికీ లోటు లేదు.

ఒక ఉదయం పాపకి స్నానం చేయించి, బొమ్మల మధ్య కూర్చోబెట్టి, నేను మూలన ప్రార్థనకి కూర్చున్నాను. మా అమ్మలాగే నాకూ శాలువా తల మీంచి ముఖం మీదికి దించుకుని కళ్లు మూసుకోవడం అలవాటు. లోకం కనబడకపోతే అసలువాడు కనబడతాడని అమ్మ అనేది. ఆ రోజు నేను కోరికలేమీ కోరలేదు. "నేను చేసింది తప్పయితే ఇంతటితో మరిపించు. తప్పు కాకపోతే ఏదో ఒకటి చెప్పు" అన్నాను. ఆయన ఎప్పుడూ చెప్పడు. నలభై ఏళ్లుగా అడుగుతున్నాను, అలవాటే.

చాప మీద అరచేతుల చప్పుడు వినబడింది. తపతపమని దగ్గరికి వచ్చి ఆగింది. నేను కదల్లేదు. మోకాలి మీద ఒక చిన్న చెయ్యి పడింది, దాని మీద బరువు మోపి ఇంకో చెయ్యి. తర్వాత శాలువా అంచు ముఖం ముందు కదిలింది. ఒకసారి జారిపోయింది. మళ్లీ పట్టుకుంది. పిడికిలి బిగించి లాగింది. వెలుగు పడింది, ఆ వెలుగులో రెండు పళ్లు.

పాప నన్ను వెతికింది. ఎవరూ గుడ్డ తీసి చూపించకుండా, ఎవరూ పిలవకుండా, కనబడని నేను అక్కడే ఉన్నానని తెలిసి వచ్చింది. నిన్నటిదాకా దాని లోకంలో ముఖం మూసుకుంటే మనిషి లేదు. ఇవాళ ఉంది. ఆ మధ్యలో ఏం జరిగింది? ఏ తలుపు తెరుచుకుంది? ఈ తెలుసుకోవడం ఆ చిన్న తలలోకి ఎటు నుంచి వచ్చింది? రాజ్యాలు గెలిచినప్పుడు బాకాలు ఊదుతారు. ఇంత పెద్ద గెలుపు జరిగితే వీధిలో చెత్తబండి గంట తప్ప ఏమీ మోగలేదు. నేను పాపని ఎత్తి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. నేను కళ్లు మూసుకుని కనబడనివాడి కోసం నలభై ఏళ్లుగా చేస్తున్నదీ, ఇది పాకుతూ వచ్చి చేసిందీ ఒకటే పని కదా. ఇది మాత్రం మొదటిరోజే దొరికించుకుంది.

అడిగినదానికి జవాబు వచ్చిందని నేను చెప్పను. అలా చెప్పడానికి నాకు ధైర్యం చాలదు. పాప పడుకున్నాక స్టూలు వేసుకుని, అటక మీది పెట్టె నేనే దించాను. మా ఆయన చూసి, "మళ్లీనా?" అన్నారు. "మళ్లీనే" అన్నాను.

అయితే ఆ గెలుపు వెనకాలే ఏడుపు వచ్చింది. వారం తిరిగేసరికి పాప నన్ను గడప దాటనివ్వడం మానేసింది. నేను వంటింట్లోకి వెళ్తే ఏడుపు, స్నానానికి వెళ్తే తలుపు మీద అరచేతులతో బాదుడు. ఇదివరకు నేను కనబడకపోతే లేను, కాబట్టి బాధ లేదు. ఇప్పుడు నేను ఎక్కడో ఉన్నానని తెలుసు, తన దగ్గర లేనని కూడా తెలుసు. తెలివి వచ్చిన దారిలోనే దుఃఖం వచ్చింది. ఇది కూడా పుస్తకంలో ఉంది. ఉందని చదివి తెలుసుకుంటే గుండె గట్టిపడదు.

ఇంటిల్లిపాదికీ ఇదే నేను పరీక్షకి వెళ్లకూడదన్న తీర్పులా దొరికింది. పరీక్ష బుధవారం. అల్లుడు ఊళ్లో ఉండడు, అమ్మాయికి బ్యాంకులో ఆడిట్. మిగిలింది మా ఆయన. ఆయన రెండు చేతులూ ఎత్తేశారు.

"నావల్ల కాదు. అది నిన్ను చూడకపోతే ఇల్లు పీకి పందిరేస్తుంది. నేను పట్టుకుంటే కిందపడేస్తానేమో."

"ఆఫీసులో యాభైమందిని పట్టుకున్నారుగా."

"వాళ్లు ఏడ్చేవాళ్లు కాదు. ఏడ్చినా సీట్లో కూర్చుని ఏడ్చేవాళ్లు."

మా అమ్మాయి నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. పాప విషయంలో అరిచినందుకు దానికి బాధగానే ఉంది. "అమ్మా, వచ్చే ఏడాది రాసుకోవచ్చు కదే. పరీక్ష ఎక్కడికి పోతుంది?"

పరీక్ష ఎక్కడికీ పోదు తల్లీ, పోయేది నేను. ఆ మాట పైకి అనలేదు. మా అమ్మాయి రోజంతా ఎవరెవరి డబ్బులో లెక్కపెట్టి, ఇంటికొచ్చి పిల్లని ఎత్తుకుని నిలబడే వంట చేసే మనిషి. దాన్ని ఈ ఇంట్లో ఎవరూ వచ్చే ఏడాది ఉద్యోగం చేసుకో అనకూడదని నేనే దాని వెనక కొండలా నిలబడ్డాను. ఆ కొండకి ఒక్క రోజు సెలవు కావాలంటే దానికి అర్థం కావడం లేదు. తప్పు దానిది కాదు. కొండ కదులుతుందని దానికి ఎవరు చెప్పారు, నేను చెప్పానా?

కానీ పాప ఏడుపు నన్ను నిజంగా తినేసింది. ఏడ్చే పిల్లని వదిలి వెళ్లడం పాపమా? ఆ అధ్యాయం మళ్లీ చదివాను, ఈసారి నోటికి పట్టించడానికి కాదు. వెళ్లినవాళ్లు తిరిగి వస్తారని పిల్లలకి మాటలతో తెలియదట. వెళ్లడం, రావడం, వెళ్లడం, రావడం, అలా చూసి చూసి తెలుసుకుంటారట. అంటే రావడం నేర్పాలంటే ముందు నేను వెళ్లాలి. ఇది చదివాక నా తల కాస్త తేలికపడింది.

ఆ రోజు నుంచి ఇంట్లోనే సాధన మొదలుపెట్టాను. పాపని మా ఆయన ఒళ్లో పెట్టి, "వంటింట్లోకి వెళ్లొస్తానమ్మా" అని చెప్పి వెళ్లేదాన్ని. ఏడ్చేది. గోడ ఇవతలి నుంచి మాట్లాడేదాన్ని. కాసేపటికి వచ్చి ముఖం చూపించేదాన్ని. తర్వాత పెరట్లోకి, తర్వాత వీధి చివరి కొట్టుకి. పాప కంటే మా ఆయనతోనే కష్టమైంది. మొదట్లో ఆయన పాపని సంతకం పెట్టాల్సిన ఫైలులా రెండు చేతులతో ముందుకి చాపి పట్టుకునేవారు. పాప ఏడుపు ఆపినా ఈయన ఆపేవారు కాదు. "ఏమోయ్, సీసా ఎక్కడ? ఏమోయ్, మూత రావట్లేదు. ఏమోయ్, ఇది ఎందుకలా చూస్తోంది?" ఒకరోజు నేను జవాబివ్వలేదు. పెరట్లో మందార కుండీ పక్కన నిలబడి నోరు బిగబట్టుకున్నాను. లోపల అలమార తెరిచిన చప్పుడు, ఏదో పడిన చప్పుడు, నిశ్శబ్దం. వెళ్లి చూస్తే పాప ఆయన భుజం మీద తల పెట్టి పాలు తాగుతోంది. సీసా ఆయనే వెతుక్కున్నారు. ఆయన నా వైపు చూసిన చూపులో పతకం వచ్చినవాడి గర్వం ఉంది. అన్నిటికీ నేనే పరిగెత్తి ముప్ఫై ఏళ్లుగా ఆ పతకం ఆయనకి రానివ్వలేదేమో అనిపించింది.

బుధవారం వచ్చింది. అమ్మాయి పాపని దింపి, నా చేతిలో కొత్త పెన్ను పెట్టి, బ్యాంకుకి వెళ్లిపోయింది. నేను సంచీ భుజానికి తగిలించుకున్నాను. మా ఆయన పాపని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, పిట్టల్ని చూపిస్తూ, నాకు కళ్లతో సైగ చేశారు. గొంతు తగ్గించి, "ఇప్పుడు, కనబడకుండా జారుకో" అన్నారు.

అందరూ అలాగే చెబుతారు. పిల్ల చూడకుండా జారుకోవాలి. ఆడవాళ్లందరం అలాగే ఇళ్లలోంచి బయటపడతాం. నేను డిగ్రీ పరీక్షలకి వెళ్లిన రోజుల్లోనూ ఇంట్లో వంటంతా చేసి, మూతలు పెట్టి, ఎవరి పని వాళ్లు చూసుకుంటుండగా చెప్పుల చప్పుడు కాకుండా వెళ్లాను. అడిగితే, ఇక్కడిదాకే అనేదాన్ని. నేను వెళ్లానన్న సంగతి ఎవరికీ తగలకుండా వెళ్లడమే నా మంచితనం. అలా వెళ్తే పాప తల తిప్పేసరికి నేనుండను. ఎప్పుడు పోయానో, ఎందుకు పోయానో తెలియదు. ఇక అది జీవితమంతా తల తిప్పి తిప్పి చూసుకోవాలి.

కిటికీ దగ్గరికి వెళ్లాను. పాప గడ్డం పట్టుకుని నా వైపు తిప్పుకున్నాను.

"అమ్మమ్మ పరీక్షకి వెళ్తోంది. సాయంత్రం వస్తుంది. తాతయ్య ఉంటారు."

దానికి మాటలు తెలియవు, సంచీ తెలుసు. కింది పెదవి వంకర తిరిగింది. మా ఆయన కంగారుపడ్డారు. "చెప్పావా? చెప్పేశావా? ఇప్పుడు ఏడుస్తుంది."

"ఏడుస్తుంది."

"ఎంతసేపు?"

"తెలియదండీ. పుస్తకంలో లేదు."

ఆయన నన్ను చూశారు, పాపని చూశారు. తర్వాత పాపని భుజం మీదికి ఎక్కించుకుని దాని వీపు మీద చెయ్యి వేశారు. "సరే, వెళ్లు. మేమిద్దరం ఏడుస్తాంలే" అన్నారు.

గడప దాటుతుండగా ఏడుపు మొదలైంది. మెట్లు దిగుతుంటే పెద్దదైంది. వీధిలో నడుస్తుంటే నా వీపు మీద చేతులు వేసి లాగుతున్నట్టే ఉంది. ఇరుగింటావిడ గేటు దగ్గర నిలబడి, "పాప ఏడుస్తోంది కదా" అంది, నాకు వినబడట్లేదేమోనని. "అవునండీ" అని నడిచాను. వీధి మలుపు దాకా వినబడుతూనే ఉంది. మలుపు తిరిగాను. వినబడటం మానేసింది.

అక్కడ నా కాళ్లు ఆగిపోయాయి. ఏడుపు ఆగిందా, నాకే అందడం లేదా? గొంతు పట్టేసిందా? ఆయన సీసా చల్లార్చి ఇస్తారా? పొయ్యి ఆర్పానా? ఒక్కసారి వెనక్కి వెళ్లి మలుపులోంచి తొంగి చూస్తే ఏం పోతుంది? సంచీ పట్టీని రెండు చేతులతో పట్టుకుని, నడిరోడ్డు పక్కన, వెనక్కి తిరగడానికి ఒక మడమ ఎత్తి కూడా నిలబడ్డాను. అప్పుడు తట్టింది. ఈ ఇంట్లో ఆ దశ దాటనిది పాప కాదు. మా ఆయన కూడా కాదు. కంటికి కనబడని దేవుడు ఉన్నాడని నలభై ఏళ్లుగా ఒక్క పూట కూడా అనుమానించకుండా నమ్మినదాన్ని, నేను చూడకపోతే నా ఇల్లు ఒక్క పూట ఉంటుందని ఎన్నడూ నమ్మలేదు.

ఎత్తిన మడమ కింద పెట్టాను. బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నాను.